మారియో కాళ్ల కింద ఆ నల్ల మచ్చ దేనికి?

[తెర మీద: 1985 నాటి వీడియో గేమ్ సూపర్ మారియో బ్రదర్స్. మారియో గుంత ముందు ఆగుతాడు.]

అందరికీ నమస్కారం. ఈ మీసాలాయన ఎవరో చెప్పక్కర్లేదు కదా. క్యాసెట్ ఆడకపోతే బయటికి తీసి, ఉఫ్‌మని ఊది, మళ్లీ పెట్టుకుని ఆడినవాళ్లం మనలో చాలామందే ఉన్నాం. ఆ రోజులు తర్వాత తలుచుకుందాం గానీ, ముందు ఈ గుంత సంగతి చూడండి. దీన్ని దాటాలంటే రెండే రెండు తెలిస్తే చాలు: ఎంత ఎత్తు, ఎంత దూరం. రెండూ ఎదురుగానే కనిపిస్తున్నాయి.

[తెర మీద: అదే గుంత, ఈసారి మారియో వెనక నుంచి.]

ఇప్పుడు చెప్పండి, అవతలి గట్టు ఎంత దూరంలో ఉంది? నాలుగడుగులా, పదడుగులా? కష్టం. టీవీ తెరకి లోతు ఉండదు. ఉన్నట్టు మన కన్ను అనుకుంటుంది, అంతే.

1996 జూన్‌లో జపాన్‌లో నింటెండో 64 అనే గేమ్ మెషీన్‌తో పాటే సూపర్ మారియో 64 వచ్చింది. త్రీడీ అంటే బొమ్మని గుండ్రంగా చేయడమేగా అనిపిస్తుంది. మారియోని సృష్టించిన మియామోటో బృందానికి అది చిన్న పని. మారియో అంటేనే దూకడం. ఎక్కడ దిగుతాడో ఆడేవాడికి తెలియకపోతే ఇంక ఆటేముంది?

[తెర మీద: మారియో గాల్లోకి లేస్తాడు. నేల మీద నీడ దగ్గరికి జూమ్.]

ఇదిగో, ఈ గుండ్రటి నల్ల మచ్చ. వెలుతురు ఎటు నుంచి వచ్చినా ఈ నీడ కచ్చితంగా కాళ్ల కిందే పడుతుంది. ఫిజిక్స్ సారు చూస్తే మార్కులు కోసేస్తారు. గోడ కట్టే మేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు చూడండి, ఇదీ అదే పని చేస్తుంది. గాల్లో ఉండగా మనం మారియోని చూడం, ఆ మచ్చనే చూస్తాం. మచ్చ పలక మీదుంటే బతికాం.

అయినా గురి తప్పుతుంది. పాత ఆటలో గూంబా అనే పుట్టగొడుగులాంటి శత్రువు నెత్తిన దూకడం పిల్లాటే. ఇక్కడ జానెడు పక్కకి దిగామా, దెబ్బ మనకే. అందుకే మారియోకి గుద్దడం, తన్నడం నేర్పారు. తగలగానే చచ్చిపోకుండా 8 ముక్కల పవర్ మీటర్ ఇచ్చారు. టైమర్ తీసేశారు. కుడివైపు పరుగెత్తి చివర జెండా కర్ర పట్టుకోవడం కూడా పోయింది. ఒకే కొండ మీద ఒకసారి బాంబుల రాజుతో కుస్తీ, ఇంకోసారి తాబేలుతో పరుగు పందెం. ఇలా గెలుచుకోవాల్సినవి మొత్తం 120 నక్షత్రాలు.

అదే ఏడాది వచ్చిన క్రాష్ బ్యాండికూట్ అనే ఇంకో త్రీడీ ఆట ఈ తలనొప్పి అంతగా పెట్టుకోలేదు. చాలా చోట్ల సందులాంటి దారి, మనం పోయే దారిలోనే పోయే కెమెరా. తెలివైన పనే, కాకపోతే ఊరంతా తిరిగే స్వేచ్ఛ ఉండదు.

[తెర మీద: కోట ముందు తోట. మేఘం మీద లకీటూ.]

ఆ స్వేచ్ఛ కావాలంటే కెమెరా తిరగాలి. పాత ఆటలో కెమెరా ఒకటుందని ఎవరికి తోచింది? ఇక్కడ దాన్నే ఒక పాత్ర చేసేశారు. ఒకప్పుడు మన మీద ముళ్ల గుడ్లు విసిరిన లకీటూనే, ఇప్పుడు గాలం కర్రకి కెమెరా వేలాడదీసుకుని వస్తాడు. కోటలో అద్దాల గది ఒకటుంది. అందులో మారియో వెనకాల వీడు ఎగురుతూ కనిపిస్తాడు! నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. అలాగని కెమెరాని మెచ్చుకోలేను. గోడ మూలకి వెళ్తే అది ఇరుక్కుంటుంది, దాన్ని తిప్పే పసుపు బటన్లు నొక్కలేక మనకి టెన్షన్.

ఆట మొదలయ్యే ఈ తోటలో శత్రువులు లేరు, గమనించారా? స్టిక్ కాస్త వంచితే పిల్లిలా నడుస్తాడు, పూర్తిగా వంచితే పరుగు. ఊరికే తిరగడమే బాగుండాలని బృందం ముందు మారియో చేత ఒక కుందేలుని తరిమించి చూసుకుంది. ఆ కుందేలు ఇప్పటికీ కోట నేలమాళిగలో ఉంది. పేరు మిప్స్. నింటెండో 64 ప్రాసెసర్ రకం పేరే దానికి పెట్టేశారు.

[తెర మీద: నింటెండో 3డీఎస్.]

2011లో, చేత్తో పట్టుకుని ఆడే ఈ 3డీఎస్ మీద సూపర్ మారియో 3డీ ల్యాండ్ వచ్చింది. కళ్లద్దాలు లేకుండానే లోతు కంటికి కనిపించే తెర. టైమర్ తిరిగొచ్చింది, జెండా కర్రా తిరిగొచ్చింది. అంత తెర ఉన్నా, మారియో కాళ్ల కింద ఆ మచ్చని మాత్రం తీసేయలేదు.