ప్రతి అక్షరం ముందూ 224

అక్క: రికార్డ్ అవుతోందా? ఆ, ఎర్ర లైట్ వచ్చింది. నమస్తే అండీ. మళ్ళీ నిజాంపేట్‌లో మా పై గదిలోంచే. ఫ్యాన్ ఆపేశాం కాబట్టి ఈ వారం ఫ్యాన్ గురించి మెయిల్స్ వద్దు.

తమ్ముడు: సీతాఫలం గురించి కూడా.

అక్క: దాని ఊసెత్తకు. ఇవాళ్టి సంగతి, రెగెక్స్ లైబ్రరీ. అంటే మనమిచ్చిన ప్యాటర్న్‌కి సరిపోయే మాటలు రాతలో ఎక్కడున్నాయో వెతికిపెట్టే కోడ్. దాని వేగం పెంచడానికి లోపల చేసే చిన్న చిన్న మార్పులు. నాలుగు రాసుకొచ్చాను. ఒకటి, క్యారెక్టర్ క్లాస్‌ని, అంటే ‘వీటిలో ఏదైనా సరే’ అనే జాబితాని, 256 బిట్లుగా పెట్టుకోవడం. 32 బైట్లలో సరిపోతుంది, ఒక బైట్, అంటే 0 నుంచి 255 దాకా ఏదో ఒక అంకె, అందులో ఉందో లేదో ఒక్క చూపులో తేలిపోతుంది. రెండు, లోపలి లూప్‌లో, అంటే ప్రతి బైట్‌కీ తిరిగే చోట, కొత్తగా మెమరీ అడగకూడదు. మూడు, స్పార్స్ సెట్. వెతికే ఇంజిన్ ప్యాటర్న్‌లో ఎక్కడెక్కడ ఉందో చెప్పే స్టేట్‌ల జాబితాను ప్రతిసారీ తుడవక్కర్లేదు, లెక్కను సున్నా చేస్తే ఖాళీ అయినట్టే. బ్రిగ్స్, టోర్జన్ 1993లో పేపర్ రాశారు. నాలుగోది...

తమ్ముడు: నాలుగోది నేను చెప్తా. దాంతో నాకు రెండు వారాలుగా నిద్ర లేదు.

అక్క: చెప్పు మరి.

తమ్ముడు: ప్యాటర్న్ ఏ బైట్‌తో మొదలవ్వాలో ముందే తెలిస్తే ఇంజిన్‌ని అడుగడుగునా నడపక్కర్లేదు. మెమ్‌చార్‌తో, అంటే ఒక బైట్ ఎక్కడుందో వెతికే ఫంక్షన్‌తో, ఆ బైట్ ఉన్న చోటికి దూకెయ్యొచ్చు. అది ఒక్కో విడతకి 16, 32 బైట్లు చూసుకుంటూ పోతుంది. ఇంగ్లీష్ లాగ్స్ మీద పరుగే పరుగు. అదే తెలుగులో రాసిన మన నీళ్ళ కంప్లయింట్ల మీద పెట్టా. పాతదానికన్నా నెమ్మదైపోయింది.

అక్క: కొలిచావా, అనిపించిందా?

తమ్ముడు: మూడుసార్లు కొలిచా అక్కా. కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు, స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఇంటికొచ్చి బైట్లు ప్రింట్ చేసి చూశా. అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8 కదా, అందులో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. క అంటే 224, 176, 149. హ అంటే 224, 176, 185. ఐత్వం 224, 177, 136. ఏది తీసుకున్నా ముందు 224. నేనేమో 224 వెతకమన్నా! దూకడం, ఆగడం, కాదనడం, మళ్ళీ దూకడం. మూడు బైట్లకోసారి ఇదే తంతు. హిందీకీ 224 యే.

అక్క: అది మెమ్‌చార్ తప్పు కాదుగా.

తమ్ముడు: ఎవరి తప్పూ అనట్లేదు. మొదటి బైట్ అరుదుగా వస్తుందనుకుని రాసిన కోడ్ అది. ఆ అనుకోవడంలో మన భాష లేదు. నాకు నిజంగా బాధేసింది.

అక్క: బాధ సరే, నేనైతే ముందు బ్యాక్‌ట్రాకింగ్ సంగతి చూడమంటాను. అదే, ఒక దారి కుదరకపోతే ఇంజిన్ వెనక్కి తిరిగొచ్చి ఇంకో దారి పట్టడం. 2016 జులై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఎందుకు ఆగింది? ఒక పోస్ట్‌లో వరుసగా 20,000 ఖాళీలు, వాటి తర్వాత ఇంకో అక్షరం. లైను చివర ఖాళీలు కత్తిరించే చిన్న రెగెక్స్. మొదటి ఖాళీ నుంచి 20,000 చూసి కాదంది, రెండోదాన్నుంచి 19,999 చూసి కాదంది. అలా కూడుకుంటూ పోతే 20 కోట్లు. కెన్ థాంప్సన్ అనే ప్రోగ్రామర్ 1968లోనే...

తమ్ముడు: వచ్చేసింది 1968.

అక్క: వస్తుంది, వస్తూనే ఉంటుంది. దారులన్నీ ఒకేసారి పట్టుకుని నడిస్తే వెనక్కి తిరగక్కర్లేదని ఆయన అప్పుడే రాసిపెట్టాడు. యాభై ఏళ్ళు దాటినా ఇంకా వెనక్కి తిరుగుతూనే ఉన్నాం.

తమ్ముడు: ఆ స్టాక్ ఓవర్‌ఫ్లో రెగెక్స్‌లో ఖాళీతో పాటు ఇంకేముందో తెలుసా? జీరో విడ్త్ నాన్ జాయినర్, కంటికి కనపడని గుర్తు. మనం పాడ్‌కాస్ట్ అని రాసేటప్పుడు డ కింద క వత్తు పడకుండా పెట్టేదే.

అక్క: అదా? నిజంగా తెలీదు నాకు. సరే, నీ పని చెప్పు, ఏం చేశావు?

తమ్ముడు: మొదటి బైట్ వదిలేసి మూడోది వెతికించా. హైదరాబాద్ అయితే 185. బ్రహ్మాండంగా పరుగెత్తింది.

అక్క: ఆగాగు. ‘రంగు’ అని వెతుకు. నీళ్ళు రంగు మారాయని ఎంతమంది రాస్తారు!

తమ్ముడు: ర... 224, 176...

అక్క: మూడోది?

తమ్ముడు: ...176.

అక్క: రెండోదీ అదే కదా. హల్లు వచ్చిన ప్రతిచోటా ఆగుతుంది. బండి ఱ అయితే 177. ఉత్వం, ఏత్వం, పొల్లు, వీటన్నిటి మధ్యలో ఉండేది ఆ 177 యే.

తమ్ముడు: (కాసేపు మాట్లాడలేదు) రెండు వారాలు హ మీదే టెస్ట్ చేశానక్కా.

అక్క: ముఖం అలా పెట్టకురా. సగం దూరం వచ్చేశావు. నీలం నోట్‌బుక్ ఇటివ్వు. మొదటి అక్షరమే ఎందుకు? మాటలో ఎక్కడున్నా సరే, అరుదైన బైట్ పట్టుకో. రంగులో 12 బైట్లు. ర పనికిరాదు. సున్నా 130, అది లేని వాక్యం ఉండదు. ఉత్వం 129, అదీ అంతే. గ 151.

తమ్ముడు: గ! తొమ్మిదో బైట్. 151 దొరికిన చోటి నుంచి ఎనిమిది వెనక్కి జరిగి, 12 బైట్లూ పోల్చి చూడటమే.

అక్క: రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మాటల్ని వెతికే మెమ్‌మెమ్ కూడా ఇలాగే చేస్తుంది. ఏ బైట్ ఎంత అరుదో 256 అంకెల పట్టిక దగ్గర పెట్టుకుంటుంది.

తమ్ముడు: ఆ పట్టిక ఎవరి రాతల్లోంచి లెక్కేశారన్నదే కదా నా గోల! మనది మన కంప్లయింట్లలోంచే లెక్కేస్తా. ఈ రాత్రికే.

అక్క: లెక్కెయ్యి, బాగుంటుంది. కానీ దాని వెనకాల ఇంజిన్ బ్యాక్‌ట్రాకింగ్ చేసేదైతే, ఒక్క పిచ్చి ప్యాటర్న్ చాలు, నీ పట్టిక...

తమ్ముడు: అక్కా, ఒక్క నిమిషం, ఫోన్. హలో? ఆ, వస్తున్నా, వస్తున్నా. ట్యాంకర్ వచ్చిందట, గేటు దగ్గరుంది.

అక్క: సంపు తాళం ఫ్రిజ్ మీదుంది.

తమ్ముడు: నోట్‌బుక్ మూసెయ్యకు. ఆ 151 కింద గీత గియ్యి.

అక్క: గీశాలే, నువ్వు పరుగెత్తు. హారన్ కొడుతున్నాడు.