కామాలు, బ్రాకెట్లు, కాపీలు: మేపుల్‌లో వరుసల సంగతి

అందరికీ నమస్కారం. సమయం తక్కువ, కాబట్టి మేపుల్ అనే గణిత సాఫ్ట్‌వేర్ గురించి పెద్ద పరిచయం పెట్టుకోను. 1980లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో మొదలైంది, అంకెలతోనే కాదు, అక్షరాలతోనూ గణితం చేసిపెడుతుంది. అంతవరకు చాలు. ఈ పూట నేను మాట్లాడేది అందులో కామాల గురించి.

1, 2, 3 అని కామాలు పెట్టి రాశారనుకోండి. అది సీక్వెన్స్. దానికి ‘వరుస’ అని పేరు పెడదాం. ఇప్పుడు ‘వరుస, 4’ అని రాస్తే వచ్చేది 1, 2, 3, 4. పాతవి మూడూ విడిగా ఒక మూటలా ఉండవు, కొత్తదాంతో కలిసిపోతాయి. సీక్వెన్స్‌కి గోడల్లేవు. దాని సుఖమూ అదే, దాంతో తంటా కూడా అదే. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ‘నాప్స్’ ఆదేశానికి ఈ వరుసను ఇచ్చి చూడండి. ఒకటి ఇవ్వాల్సిన చోట మూడు ఇచ్చారని ఎర్రర్ కొడుతుంది. కొత్తవాళ్లు ఇక్కడ కంగారు పడతారు. తప్పు నాప్స్‌ది కాదు, వరుస దాని చేతికి అందేలోపే విడిపోయింది.

చదరపు బ్రాకెట్లు వేయండి, గోడలు లేస్తాయి. అది లిస్టు. ఇప్పుడు నాప్స్ బుద్ధిగా 3 అంటుంది. గోడలు మళ్లీ తీసేయాలంటే ‘ఆప్’ ఉంది. మీసాల బ్రాకెట్లు వేస్తే సెట్ అవుతుంది. అది రెండోసారి వచ్చినదాన్ని ఉంచుకోదు, మీరిచ్చిన క్రమాన్నీ పట్టించుకోదు. మూడు కొలతలు 7, 7, 9 వచ్చాయి, వాటిని సెట్‌లో వేసి సగటు తీస్తే సరిగ్గా 8 వస్తుంది. అసలు సగటు 23ను 3తో భాగిస్తే వచ్చేది, అంటే దాదాపు 7.67. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఇలాంటి తప్పంటేనే నాకు భయం.

ఇక నా సొంత గొడవ ఒకటి చెబుతాను. ఖాళీ లిస్టుతో మొదలుపెట్టి, లూప్‌లో ఒక్కో ఫలితాన్ని చివర తగిలిస్తూ పోయేవాణ్ణి. పాత లిస్టు గోడలు తీయడం, కొత్తది చేర్చడం, మళ్లీ బ్రాకెట్లు వేయడం. వంద ఫలితాలకు ఏ ఇబ్బందీ లేదు. పదివేలకు పెంచేసరికి ఫ్యాన్ మోత తప్ప జవాబు లేదు. నేనేమో ఫార్ములాలో తప్పుందని రోజంతా దాన్నే తవ్వాను. అసలు సంగతేమిటంటే, మేపుల్‌లో లిస్టు ఒకసారి తయారయ్యాక మారదు. మనం చేర్చిన ప్రతిసారీ మొత్తం కొత్తగా రాస్తుంది. మొదటిసారి 1, తర్వాత 2, తర్వాత 3... పదివేల దాకా కూడండి: 5 కోట్ల 5 వేల రాతలు! మనకు కావాల్సినవి పదివేలు.

ఫార్ములా ముందే తెలిస్తే ‘సెక్’ వాడండి, వరుసంతా ఒక్క దెబ్బకే వచ్చేస్తుంది. ఒక్కో విలువా ముందుదాని మీద ఆధారపడితే అరే తీసుకోండి. అది నిజంగా గదులున్న పెట్టె, ఏ గదిలో విలువనైనా అక్కడికక్కడే మార్చొచ్చు. వందకు మించిన లిస్టులో ఒక్క అంశాన్ని మార్చబోతే మేపులే ఒప్పుకోదు, అరే వాడమని చెబుతుంది. లిస్టులో లెక్క 1 నుంచి మొదలవుతుంది, అరేని మాత్రం 0 నుంచి పెట్టుకోవచ్చు. బహుపది గుణకాలు దాచేటప్పుడు ఇది హాయి, స్థిరపదం సున్నా గదిలో కూర్చుంటుంది.

కానీ అరేతో ఒక్క జాగ్రత్త. ‘పాతది’ అనే అరే ఉంది. ‘కొత్తది’ అని ఇంకో పేరు పెట్టి దాన్ని అందులోకి ఇచ్చారు. రెండు పెట్టెలు అయ్యాయనుకుంటాం. కాలేదు, ఒకే పెట్టెకు రెండు పేర్లు. కొత్తదాంట్లో మొదటి గది మారిస్తే పాతదాంట్లోనూ మారుతుంది. అసలు డేటా చెక్కుచెదరకుండా ఉండాలంటే ‘కాపీ’ అని స్పష్టంగా అడగాలి. లిస్టుతో ఈ బెడద లేదు. నెమ్మది అని దాన్ని ఇంతసేపు తిట్టాను గానీ, చిన్న పనులకు నేను ఇప్పటికీ లిస్టే వాడతాను.

సరే, ల్యాప్‌టాప్‌లు తీయండి. వరుస అంటే 1, 2, 3 అని పెట్టుకొని, ఒకే జత చదరపు బ్రాకెట్ల లోపల ఈ మూడూ రాయండి: వరుస, విడిగా ఇంకో జత చదరపు బ్రాకెట్లలో పెట్టిన వరుస, ఇంకోసారి ఉత్త వరుస. నాప్స్ ఎంత చెబుతుందో ఎంటర్ కొట్టేముందు కాగితం మీద వేసుకోండి. 3 అని రాసినవాళ్లు చేతులెత్తండి, మీ దగ్గరికే ముందు వస్తాను.