పుట్టుమచ్చ తీయించుకునే ముందు ఒక్క మాట అడగండి

నమస్కారమండీ. ‘ముక్కు పక్కన నల్లమచ్చ ఉంది, పెళ్లిచూపుల్లోపు లేజర్‌తో తీసేస్తారా?’ వైజాగ్‌లో స్కిన్ క్లినిక్‌కి వెళ్లేవాళ్లు తరచూ అడిగే మాటే ఇది. తీస్తారు, ఐదు పది నిమిషాల పని. కాకపోతే మీరూ ఒకటి అడగాలి: తీసిన ముక్క ల్యాబ్‌కి వెళ్తుందా, పొగైపోతుందా?

లేజర్ గానీ కాటరీ (కరెంటు వేడి) గానీ చేసేది కాల్చడమే. కాల్చాక పరీక్షకి పంపడానికి ఏమీ మిగలదు. చిన్నప్పట్నుంచి ఉండి, మార్పేమీ లేని మచ్చని స్కిన్ డాక్టరు డెర్మటోస్కోప్‌తో (చర్మాన్ని పెద్దదిగా చూపే లైటున్న భూతద్దం) చూసి సరే అంటే పర్వాలేదు. చిక్కల్లా బేసల్ సెల్ కార్సినోమాతో. ఈ చర్మ క్యాన్సర్ తెల్లవాళ్లకి గులాబీ రంగులో ముత్యంలా వస్తుంది. మన రంగు చర్మంలో చాలాసార్లు నల్లగా, అచ్చం పుట్టుమచ్చలా ఉంటుంది. పైపైన కాలిస్తే మీద చర్మం మూసుకుపోతుంది, కింద క్యాన్సర్ వేళ్లు అలాగే ఉంటాయి. మళ్లీ పైకి తేలేసరికి ముక్కు ఎముక దాకా పోయి ఉండొచ్చు. ఇంట్లో సున్నం, సోడా కలిపి పెట్టడం కూడా ఇదే పని, కాస్త మొరటుగా.

మరి దేన్ని అనుమానించాలి? నలభై దాటాక కొత్తగా వచ్చి పెరుగుతున్నదాన్ని. అంచు మెరుస్తూ, మధ్యలో పుండుపడి, చెక్కు కట్టి, ఊడి, మళ్లీ రక్తం కారేదాన్ని. నెల దాటినా మానని పుండు దేన్నైనా. ఎప్పుడో ఒళ్లు కాలిన మచ్చ మీద ఏళ్ల తర్వాత పుండు లేస్తే అస్సలు ఆగొద్దు, స్క్వామస్ సెల్ అనే ఇంకో చర్మ క్యాన్సర్ అలాంటి చోట పుడుతుంది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ మెలనోమా మనవాళ్లలో అరుదు. వస్తే ఎక్కువగా అరికాల్లో, గోటి కింద వస్తుంది. వాటికి ఎండతో సంబంధం పెద్దగా లేదు కాబట్టి సన్‌స్క్రీన్ కాపాడదు, కాళ్లు కడుక్కునేటప్పుడు చూసుకోవడమే.

‘కత్తి తగిలితే పాకుతుందటగా?’ పాకదండీ. ముక్క పరీక్ష అంటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, 3 లేదా 4 మిల్లీమీటర్ల పంచ్‌తో (గుండ్రటి చిన్న బ్లేడు) చర్మం తీసి, ముక్క పాడవకుండా ఫార్మలిన్ మందు సీసాలో వేయడం. ఒకటో రెండో కుట్లు పడతాయి, అంతే.

ఇక అందరూ గొడవపడేది కోత పొడవు దగ్గర. బఠాణీ గింజంత మచ్చకి ఇంత గీతా అని. లెక్క చూడండి. మచ్చ 8 మిల్లీమీటర్లు. చిన్న బేసల్ సెల్‌కి చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మం కలిపి తీస్తారు, కంటికి కనపడని వేళ్ల కోసం. అంటే వెడల్పు 16. గుండ్రంగా కోసి కుట్టేస్తే రెండు చివర్లా చర్మం ముడత లేస్తుంది. అందుకని కన్ను ఆకారంలో, వెడల్పుకి మూడింతల పొడవు కోస్తారు. మొత్తం 48 మిల్లీమీటర్లు, దగ్గర దగ్గర 5 సెంటీమీటర్లు. చేయి తిరిగిన సర్జన్ ఆ గీతని మొహం ముడతల దారిలోనే పెడతారు, ఏడాది తర్వాత వెతుక్కోవాలి.

ముక్కు, కనురెప్ప దగ్గర అంత చర్మం తీయలేరు. అక్కడికి పనికొచ్చేది మోస్ సర్జరీ. పొర తీసి, అప్పటికప్పుడు గడ్డకట్టించి, అంచంతా మైక్రోస్కోప్‌లో చూసి, క్యాన్సర్ మిగిలిన వైపే ఇంకో పొర తీస్తారు. ఇది అన్నిచోట్లా దొరకదు. దొరక్కపోతే, అంచులు శుభ్రం అని రిపోర్టు వచ్చాకే పక్క చర్మం తిప్పి కుట్టమని అడగొచ్చు.

రిపోర్టులో ‘మార్జిన్స్’ (కోసిన అంచులు) అన్న లైను వెతకండి. కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రికో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో రెండో అభిప్రాయానికి వెళ్తే కాగితం ఒక్కటే చాలదు. ల్యాబ్ నుంచి స్లైడ్లు, మీ ముక్కని దాచిన మైనం బ్లాకు కూడా అడిగి తీసుకెళ్లండి.

ఇంటికొచ్చాక రక్తం ఊరితే గుడ్డతో 20 నిమిషాలు గట్టిగా అదమండి, మధ్యలో ఎత్తి చూడకుండా. గుండెకి వాడే రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. పసుపు, పౌడర్లు చల్లొద్దు, వ్యాజిలిన్ చాలు. మన ఊరి ఉక్కలో ప్లాస్టరు కింద చెమట పట్టి చర్మం నానిపోతుంది, డాక్టరు చెప్పిన రోజు నుంచి రోజూ మార్చండి. కుట్లు మొహం మీదైతే 5 నుంచి 7 రోజులకి, వీపు మీదైతే 10 నుంచి 14 రోజులకి తీస్తారు.

మంగుకి లేజర్ గురించి సూటిగా చెప్పాలంటే, గట్టిగా కొడితే మన చర్మం ఇంకా నల్లబడుతుంది. మందుల షాపులో ఇచ్చే తెల్లబడే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, చర్మం పలచబడి ఎర్రబారుతుంది. సన్‌స్క్రీన్ మొహానికి రెండు వేళ్ల పొడవున పిండాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి.

ఛాతీ, భుజం మీద మచ్చల సంగతి వేరు. అక్కడ కోస్తే కీలాయిడ్ (గాయం మానిన చోట ఉబ్బి పెరిగే గట్టి మచ్చ) లేచి, పోయిన మచ్చకంటే పెద్దదవ్వొచ్చు. అందం కోసమే అయితే వదిలేయండి. డాక్టరుకి అనుమానం ఉంటే మాత్రం ఆ భయంతో ఆగొద్దు, కీలాయిడ్‌కి ఇంజెక్షన్లు ఉన్నాయి.