పటం మీద పచ్చరంగు

శ్రోతలకు నమస్కారం.

మొన్న మే నెలలో ఒక ఆదివారం మా తోడల్లుడుగారు నన్ను విశాఖ దగ్గర ఆనందపురం అవతలికి ఒక వెంచర్ చూడ్డానికి తీసుకెళ్లారు. జీడిమామిడి తోట కొట్టేసి, ఎర్రమట్టి చదును చేసి, సున్నంతో గీతలు గీశారు. టెంటు కింద కుర్చీలు, చల్లటి మజ్జిగ, రంగుల బ్రోచర్. అందులో ప్లాట్లన్నీ పసుపు, ఒక మూల మాత్రం పచ్చరంగు. “అది పార్కండి, పిల్లలు ఆడుకోవడానికి” అన్నాడు బ్రోకరు కుర్రాడు.

ఆ పచ్చరంగు నేల మీద ఎక్కడుందో చూద్దామని నడిచాం. తీరా వెళ్తే అది గెడ్డ గట్టు, అంటే వాగు ఒడ్డు. అంత ఎండలోనూ తుంగ మొలిచి ఉంది. పైన హైటెన్షన్ తీగలు. దగ్గర్లో ఆవులు కాస్తున్న ఒక తాత మమ్మల్ని చూసి, “వర్షాకాలం ఇక్కడ మోకాల్లోతు నీరుంటాది బాబూ” అన్నాడు.

ఈ ఖాళీ జాగా ఎవరో దయతలచి ఇచ్చేది కాదండీ. మన రాష్ట్రంలో 2017 నాటి లేఅవుట్ నిబంధనల ప్రకారం మొత్తం భూమిలో పదో వంతు ఓపెన్ స్పేస్‌గా వదలాలి. ఎకరానికి 4,840 గజాలు. అయిదెకరాల లేఅవుట్ అయితే 2,420 గజాలు పోతాయి. అంటే 200 గజాల ప్లాట్లు పన్నెండు. విశాఖ చుట్టుపక్కల గజం రేటు తెలిసినవాళ్లకి, వ్యాపారి ఆ జాగాని మూలకి ఎందుకు నెడతాడో వేరే చెప్పక్కర్లేదు. ఎలాగూ అమ్ముడుపోని చోటేదో చూసి దానికి పచ్చరంగు వేస్తాడు. పదో వంతు లెక్క మాత్రం సరిపోతుంది. అతని స్థానంలో నేనున్నా అదే చేద్దునేమో.

అందుకే ఆ పటాన్ని ఇంకొకరు చూడాలి. మన దగ్గర ఆ పని విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ, అంటే ఒకప్పటి వుడా, ఇప్పటి వి.ఎం.ఆర్.డి.ఎ. చేస్తుంది. ముందు డ్రాఫ్ట్ లేఅవుట్‌కి అనుమతి ఇస్తారు. రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు పూర్తయ్యేదాకా 15 శాతం స్థలాన్ని తనఖా పెట్టించుకుంటారు. పనులయ్యాకే ఫైనల్. రోడ్లనీ ఓపెన్ స్పేస్‌నీ గిఫ్ట్ డీడ్ రాసి పంచాయతీకో, మున్సిపాలిటీకో, కార్పొరేషన్‌కో అప్పగించాలి. అప్పుడిక ఆ పార్కు వెంచర్ వేసినవాళ్లదీ కాదు, ప్లాట్లు కొన్నవాళ్ల సంఘానిదీ కాదు. ఊరిది.

ఊరిదైనప్పుడు ఊరినీ ఒక మాట అడగాలి కదా? మాస్టర్ ప్లాన్ తయారుచేసేటప్పుడు ప్రజల అభ్యంతరాలు పిలుస్తారు. మామూలు లేఅవుట్ పటం మాత్రం ఫైల్లోనే తేలిపోతుంది. పక్క పొలం రైతుకి జేసీబీ వచ్చాకే తెలుస్తుంది. నీరు ఎటు పారుతుందో, పశువులు ఏ దారిన పోతాయో సర్వే స్కెచ్ కన్నా అతనికే బాగా తెలుసు. డ్రాఫ్ట్ మీద సంతకం పడకముందు ఒక పదిహేను రోజులు ఆ పటాన్ని పంచాయతీ ఆఫీసు గోడకి అంటిస్తే చాలంటాను. ఆ తాత చెప్పిన మోకాల్లోతు నీరు అప్పుడు ఫైల్లోకి ఎక్కుతుంది.

జాగా ఎంతన్నది ఎలాగూ నిబంధన చెబుతుంది. ఎక్కడన్నదే అసలు పేచీ. సాయంత్రం పూట మన ఎం.వి.పి. కాలనీలో నడిచి చూడండి, ఇళ్ల మధ్యే పార్కులు కనిపిస్తాయి. చుట్టూ నాలుగు వైపులా గుమ్మాలుంటే జాగా మీద ఎవరి కన్నో ఒకరిది ఉంటుంది. మూలనున్న జాగా అలా కాదు. మొదట వినాయకుడి పందిరి వేస్తారు, మరుసటేడు రేకుల షెడ్డు, ఆ పైయేడు శ్లాబు. దేవుడి పేరు చెప్పాక అడిగేవాడెవడు?

అడిగినవాళ్లూ లేకపోలేదు. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకని ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి కేటాయిస్తే, అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు. పార్కు కోసం పోరాడే హక్కు ఆ చుట్టుపక్కల వాళ్లకి ఉందని కూడా చెప్పింది.

మళ్లీ మా వెంచర్ దగ్గరికి వస్తాను. పార్కుని నడిమధ్యకి మార్చరా అని మా తోడల్లుడుగారు అడిగారు. “మారిస్తే గజం రేటు పెరుగుద్ది సార్” అన్నాడు కుర్రాడు. అబద్ధమేమీ కాదు. పోనీ ఎల్.పి. నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు చెప్పమన్నారు. “వచ్చేస్తుందండి, ఫైలు నడుస్తోంది.” అనుమతి రాకముందే, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కాకముందే మజ్జిగిచ్చి మరీ అమ్ముతున్నారన్నమాట! 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌ని అలా అమ్మకానికి పెట్టకూడదని 2016 నాటి రెరా చట్టమే చెబుతోంది.

దారిలో ఆయన ఇంకో మాటన్నారు. “ఫైలు నడుస్తోందంటే ఇంకా అడగొచ్చు కదా.” మర్నాడు సోమవారం, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజు. తుంగ ఫొటో ఒకటి, తీగల ఫొటో ఒకటి జతచేసి, తాత చెప్పిన మాట రాసి ఇచ్చి వచ్చారు. అడ్వాన్స్ మాత్రం ఇంకా ఇవ్వలేదు. వానలు పడ్డాక మళ్లీ వెళ్లి ఆ గట్టు చూసి వద్దామంటున్నారు.

నమస్కారం.