24 పడే ఇడ్లీని 20కి ఇస్తే గిట్టుతుందా?

నమస్కారం.

"ప్లేటు మనకే 24 పడుతోంది. 20కి అడుగుతున్నారు. గిట్టదని చెప్పి పంపేశాను."

వ్యాపారం చేసేవాళ్ల నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఉండబట్టదు. చిన్న హోటల్లోనూ ఇదే మాట, పెద్ద కంపెనీ మీటింగులోనూ ఇదే మాట. అక్కడ సున్నాలు కొంచెం ఎక్కువ. ఆ 24 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే "అకౌంటెంట్ లెక్క కట్టి ఇచ్చాడు" అంటారు. సరే, దాని పుట్టుక ఏమిటో చూద్దాం.

కాలేజీలు, హాస్టళ్లు ఉన్న వీధిలో ఒక టిఫిన్ సెంటర్ అనుకోండి. అంకెలు లెక్కకు వీలుగా నేను పెట్టుకున్నవి. నెలకు 6,000 ప్లేట్ల ఇడ్లీ, ప్లేటు 30 రూపాయలు. రవ్వ, మినప్పప్పు, చట్నీకి పల్లీలు, గ్యాస్ అన్నీ కలిపి ప్లేటుకు 14. కొట్టు అద్దె 22,000, మాస్టర్‌కూ హెల్పర్‌కూ జీతాలు 38,000, వెరసి 60,000. దాన్ని 6,000 ప్లేట్లకు పంచితే ప్లేటుకు 10. పద్నాలుగూ పదీ ఇరవై నాలుగు. ప్లేటుకు 6 మిగిలి, నెల తిరిగేసరికి 36,000 చేతికి వస్తోంది.

[తెరపై: 14 + 10 = 24]

ఇప్పుడు పక్క వీధి హాస్టల్ వార్డెన్ వచ్చాడు. రోజూ పొద్దున 100 ప్లేట్లు కావాలి, 20 చొప్పున ఇస్తారా అన్నాడు. యజమాని మనసులో లెక్క వేసుకున్నాడు. ప్లేటుకు 4 నష్టం, నెలకు 3,000 ప్లేట్లు, అంటే 12,000 నష్టం. "కుదరదండీ" అన్నాడు.

ఇక్కడే ఆగుదాం. ఆ 3,000 ప్లేట్లు అదనంగా వండితే కొట్టు అద్దె పెరుగుతుందా? పెరగదు. మాస్టర్ జీతం? ఆయన ఎలాగూ తెల్లవారుజామునే వస్తున్నాడు, మరికొన్ని వాయిలు దించుతాడు. పెరిగేది సరుకు ఖర్చు 14, హాస్టల్‌కు చేరవేసే ఖర్చు 2 అనుకుందాం, మొత్తం 16. వచ్చేది 20. ప్లేటుకు 4 మిగులు! నెలకు 12,000 నష్టమని వదిలేసుకున్న బేరం నిజానికి 12,000 లాభం. అంకె అదే, దిక్కు మాత్రం తలకిందులైంది. 36,000 కాస్తా 48,000 అయ్యేది.

పుస్తకాల్లో వీటిని స్థిర వ్యయం, చర వ్యయం అంటారు. నేను కదలని ఖర్చు, కదిలే ఖర్చు అంటాను. ఏ నిర్ణయం ముందున్నా అడగాల్సింది ఒకటే: ఈ పని చేస్తే ఏ ఖర్చు కదులుతుంది?

ఇంకో సంగతి. ఆ 24 ఒకచోట నిలిచే అంకె కూడా కాదు. కాలేజీలకు సెలవులిచ్చి అమ్మకం 4,000 ప్లేట్లకు పడిందనుకోండి. అదే 60,000ను 4,000తో భాగిస్తే 15. ప్లేటు ఖర్చు 29 అయింది. యజమాని కంగారుపడి ధర 36 చేశాడు. ఇంకొందరు మానేశారు, అమ్మకం 3,000కు దిగింది. ఇప్పుడు ఖర్చు 34. మళ్లీ ధర పెంచుతాడా? ఇడ్లీ రుచి మారలేదు, మినప్పప్పు ధర మారలేదు. ఒక్క భాగహారం నమ్ముకుని నడిచే కొట్టును మూసుకునే దాకా వెళ్లే దారి ఇది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ దారే.

అలాగని 16 కన్నా కాస్త ఎక్కువ వస్తే చాలని ఎగిరి గంతేయవద్దు. కౌంటర్ దగ్గర కూడా 20కే అమ్మితే, అక్కడ చేరవేసే ఖర్చు లేదు కాబట్టి 14 పోగా ప్లేటుకు 6 చొప్పున 6,000 ప్లేట్లకు 36,000 వస్తుంది. అద్దె, జీతాలు 60,000. నెలకు 24,000 చేతి నుంచి పెట్టాలి. కదలని ఖర్చును ఎవరో ఒకరు మోయాల్సిందే, ఇక్కడ దాన్ని మోస్తున్నది 30 ఇచ్చి తినే కౌంటర్ ఖాతాదారులు.

అందుకే వార్డెన్‌కు సరే అనే ముందు ఇంకొకటి చూడాలి. ఆ హాస్టల్ పిల్లల్లో కొందరు ఇప్పటికే మన కౌంటర్‌కు వచ్చి 30 పెట్టి తింటూ ఉండవచ్చు. వాళ్లు ఇక రారు. అలా పోయిన ప్రతి ప్లేటుకూ 30లో 14 పోగా 16 మిగులు పోతుంది. కొత్త బేరం మిగులు 12,000. దాన్ని 16తో భాగించండి. నెలకు 750, అంటే రోజుకు 25 ప్లేట్లు. కౌంటర్ నుంచి రోజుకు 25కు మించి పోయేటట్టయితే ఈ బేరం వద్దు. పొద్దున వచ్చేవాళ్లలో ఆ హాస్టల్ పిల్లలు ఎందరో ఒక వారం లెక్కపెడితే సరిపోతుంది. అకౌంటెంట్ చిట్టాలో ఈ అంకె దొరకదు. కౌంటర్ దగ్గర నిలబడితేనే దొరుకుతుంది.

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. ఇంగ్లండ్‌లో జోసయా వెడ్జ్‌వుడ్ అనే కుమ్మరి పారిశ్రామికవేత్త ఉండేవాడు. 1772లో అప్పులు పుట్టని సంక్షోభం వచ్చి సరుకు నిలిచిపోతే, తన ఖాతాలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. అచ్చులు, అద్దె, కొన్ని జీతాల వంటివి తక్కువ చేసినా ఎక్కువ చేసినా గడియారంలా నడిచిపోతూనే ఉన్నాయని గమనించి భాగస్వామికి ఉత్తరం రాశాడు. ఉన్న సమయంలో వీలైనంత ఎక్కువ సరుకు చేయడమే మేలని తేల్చుకున్నాడు. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు. తన పుస్తకాన్ని తానే ప్రశ్నించుకున్న ఆ మనిషంటే నాకు గొప్ప గౌరవం.

మరి అకౌంటెంట్ 24 అని ఎందుకు ఇచ్చాడు? ఆయన తప్పేమీ లేదు. నిల్వ సరుకుకు విలువ కట్టేటప్పుడు తయారీకి సంబంధించిన స్థిర ఖర్చులోనూ వాటా కలపాలని మన దేశ అకౌంటింగ్ ప్రమాణం 2 చెబుతుంది. అదీ మామూలు ఉత్పత్తి స్థాయిని బట్టి పంచాలంటుంది. అంటే ఉత్పత్తి పడిపోయిన నెలలో ఒక్కో ప్లేటు ఖర్చు పెరిగినట్టు చూపవద్దని ఆ ప్రమాణమే జాగ్రత్త చెబుతోంది. ఆ లెక్క బ్యాంకుకు, పన్నులకు, వాటాదారులకు. వార్డెన్‌కు జవాబు చెప్పడానికి వేరే లెక్క కావాలి.

ఇదే టిఫిన్ సెంటర్‌లో సాయంత్రం బజ్జీలు మొదలుపెట్టారు. అమ్మకం 60,000. నూనె, శనగపిండి, మిరపకాయలకు 40,000, సాయంత్రం కుర్రాడికి 8,000. మిగులు 12,000. కానీ అద్దె, జీతాల 60,000ను అమ్మకాల నిష్పత్తిలో పంచితే బజ్జీ మీద 15,000 పడింది. "బజ్జీ నెలకు 3,000 నష్టం, ఎత్తేద్దాం." ఎత్తేస్తే ఏమవుతుంది? ఆ 15,000 మళ్లీ ఇడ్లీ మీదకే వస్తుంది. పోయేది 12,000 మిగులు. కంపెనీల్లో "నష్టాల విభాగం" అనే మాట వినగానే ఆ నష్టంలో పంచి రుద్దినది ఎంత అని అడగండి.

[తెరపై: 60,000 − 48,000 = 12,000]

సమయం అయిపోతోంది, రెండు విషయాలు గబగబా చెబుతాను.

మొదటిది, డబ్బు చేతికి వచ్చే రోజు. హాస్టల్ వాళ్లు 45 రోజులకు ఇస్తామంటే, 100 ప్లేట్లకు 16 చొప్పున రోజుకు 1,600, మొత్తం 72,000 మీ జేబులోంచి ముందే పోతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,440. అప్పుడు 12,000 మిగులు 10,560 అవుతుంది. బేరం ఇంకా మంచిదే, కానీ ఆ 72,000 దొరుకుతుందా అన్నది ముందే తేల్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ నమోదు పోర్టల్ ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటి చెల్లింపు ఆపకూడదని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతుంది, నమోదు చేయించుకోండి.

రెండోది, పోయిన డబ్బు. 90,000 పెట్టి కొన్న పాత గ్రైండర్ కరెంటు తాగుతూ తరచూ మరమ్మతుకు వస్తోంది. కొత్తది 50,000, నెలకు 2,500 ఆదా. "అంత పెట్టి కొన్నాను, ఎలా తీసేస్తాను?" అంటాడు యజమాని. బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు ధ్వని కన్నా వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానం మీద, అప్పటికే పెట్టింది వృథా అవుతుందని, ఇలాగే డబ్బు పెట్టుకుంటూ పోయాయి. 1962లో ఒప్పందం చేసుకున్నారు, చివరికి ప్రయాణికులను మోసినవి 14 విమానాలు. గ్రైండర్ సంగతికి వస్తే, ఆ 90,000 ఉంచినా తిరిగి రాదు, తీసేసినా రాదు. పాత సామాన్లవాడు దానికి 10,000 ఇస్తానంటే, మీరు పెట్టేది 40,000. పదహారు నెలల్లో తిరిగి వస్తుంది. కొత్తది అంతకన్నా ఎక్కువ కాలం పనిచేస్తుందా? దుకాణానికి వెళ్లి అడగాల్సింది అదే.