కాప్రెల్లా స్కౌరాను పోల్చుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం.

రేవుల్లో బోయాలకు, తాళ్లకు గుత్తులుగా పట్టే, నాచులా కనిపించే సముద్రజీవి బుగులా నెరిటినాను తెల్ల ట్రేలో విదిలిస్తే సన్నటి పుల్లల్లాంటి స్కెలిటన్ ష్రింప్‌లు రాలతాయి. ఇవి రొయ్యలు కావు, వాటికి దూరపు చుట్టాలైన యాంఫిపాడ్‌లనే చిన్న జీవులు. వీటిలో కాప్రెల్లా స్కౌరాను ప్రకృతి శాస్త్రజ్ఞుడు టెంపుల్టన్ 1836లో మారిషస్ నుంచి వర్ణించాడు, మన తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న దీవి అది. 1994కల్లా వెనిస్ లగూన్‌లోనూ దొరికింది. ఓడల అడుగున పట్టుకుని ఇంత దూరం పోయే ప్రాణికి పేరు తప్పు పెడితే, ఏది ఎక్కడికి చేరిందన్న లెక్కంతా తప్పుతుంది.

గుత్తిని నీళ్లలో ఉండగానే సంచిలోకి తీసుకుని మూతి కట్టండి. పైకి లాగాక కడితే చాలా జారిపోతాయి. బతికున్నవాటిని నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముడుచుకుపోతాయి, యాంటెన్నాలు విరుగుతాయి. లీటరు మంచినీళ్లలో 73 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కరిగించి, అంతే సముద్రపు నీరు కలిపి, కదలిక ఆగేదాకా అందులో ఉంచండి. తర్వాత 95 శాతం ఇథనాల్. ఫార్మలిన్ వాడితే డీఎన్‌ఏ పాడవుతుంది.

ఇక మైక్రోస్కోప్ కింద. ముందు పెద్ద మగదాన్ని ఎంచుకోండి. దాని మొదటి రెండు ఖండాలు బాగా సాగి ఉంటాయి, రెండో గ్నాథోపాడ్ (పట్టుకునే కొక్కెం లాంటి ముందుకాలు) పెద్దది. ఖండాలు లెక్కపెట్టడంలోనే చాలామంది తడబడతారు, ఎందుకంటే మొదటి ఖండం తలతో కలిసిపోయి ఉంటుంది. మొప్పలున్నవి 3, 4 ఖండాలని గుర్తుంచుకుని, అక్కడి నుంచి ముందుకు, అంటే తలవైపు, లెక్కించండి. కాప్రెల్లాకు ఆ రెండు ఖండాల మీద కాళ్లుండవు.

ఇప్పుడు దాన్ని పక్కకు పడుకోబెట్టండి. ఇదే అసలు మెలకువ. తల మీద ముందుకు వంగిన పొడవాటి ముల్లు ఉంటే స్కౌరా అనుకోవచ్చు. పైనుంచి చూస్తే ఆ ముల్లు కురచగా కనిపించి, కాప్రెల్లాలోనే మరో జాతి అయిన పెనాంటిస్ అనిపిస్తుంది. పెనాంటిస్ ముల్లు పొట్టిగా, త్రికోణంగా ఉంటుంది, ఒళ్లు కూడా దిట్టం. ఇంకో జాతి ఈక్విలిబ్రాకు తల నున్నగా ఉండి, రెండో గ్నాథోపాడ్‌ల మొదళ్ల మధ్య, పొట్టవైపు ఒక ముల్లు ఉంటుంది. అందుకే పొట్టవైపు చూడకుండా పేరు రాయవద్దు. రంగును అసలు నమ్మకండి. ఇథనాల్‌లో అది వెలిసిపోతుంది. బతికుండగా తీసిన ఫొటో ఉంటే సరి, అయినా నిర్ణయానికి ముల్లే ఆధారం.

పిల్లలు, ఆడవి మాత్రమే దొరికితే లేబుల్ మీద కాప్రెల్లా వరకు రాసి ఆపండి. మగదాని కోసం అదే తాడు మీద మళ్లీ వెతకండి.