రేషన్ కార్డు పోయిన రోజు నుంచి కొత్తది చేతికొచ్చేదాకా

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో రేషన్ కార్డు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది మొట్టమొదట చేసే పని, కొత్త కార్డు ఎవరు ఇప్పిస్తారని వాకబు చేయడం. ఆ పని మర్నాటికి పెట్టుకున్నా నష్టం లేదు. మొదటి రోజే చూసుకోవలసినవి రెండున్నాయి. ఆ కార్డు మీద ఈ నెల సరుకులు ఎవరైనా తీసుకున్నారా? ఆ కార్డుకు నమోదైన ఫోన్ నంబరు ఇంకా మీదేనా? పోయిన కార్డులతో, వాటి బదులు వచ్చే నకలు కార్డులతో జరిగే మోసాల్లో ఎక్కువ భాగం ఈ రెండు ప్రశ్నల దగ్గరే మొదలవుతాయి. ఇవాళ వాటి గురించి వివరంగా చెప్పుకుందాం.

తమిళనాడులో 2017 ఏప్రిల్ నుంచి పాత పుస్తకం కార్డుల స్థానంలో స్మార్ట్ కార్డులు ఇస్తున్నారు. కార్డు మీద కుటుంబ పెద్ద ఫోటో, కార్డు నంబరు, ఒక క్యూఆర్ కోడ్ ఉంటాయి. మీ ఇంట్లో ఎందరున్నారు, మీది ఏ రకం కార్డు, ఈ నెల ఏమేమి తీసుకున్నారు అన్న లెక్కంతా ప్రభుత్వ కంప్యూటర్లో ఉంటుంది. దుకాణంలోని యంత్రం కోడును స్కాన్ చేసి ఆ లెక్కను తెరుస్తుంది, అంతే. అందుకే కార్డు పోయినంత మాత్రాన మీ హక్కు పోదు. నకలు కార్డు వచ్చినంత మాత్రాన హక్కు రెండింతలూ కాదు. నలుగురున్న బియ్యం కార్డు కుటుంబానికి నెలకు 20 కిలోల బియ్యం ఉచితం, 2011 జూన్ నుంచి ఈ రాష్ట్రంలో అది ఉచితమే. దానికి తోడు కిలో కందిపప్పు 30 రూపాయలకు, లీటరు పామాయిలు 25 రూపాయలకు, చక్కెర కిలో 25 రూపాయలకు. ఆ నెల కోటా మీద ఒకసారి బిల్లు పడిందంటే పడినట్టే. తీసుకున్నది మీరా, ఇంకొకరా అని కంప్యూటరుకు దానంతట అది తెలియదు.

మరి 2020 అక్టోబరులో వేలిముద్ర వచ్చింది కదా, ఇంకొకరు ఎలా తీసుకుంటారు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. వేలిముద్ర పడనివాళ్లు ఎందరో ఉన్నారు. వయసు మీదపడి గీతలు అరిగిపోయినవాళ్లు, సున్నం సిమెంటు పనులు చేసేవాళ్లు, రోజంతా గిన్నెలు తోమేవాళ్లు. నెట్‌వర్క్ ఆగిపోయే రోజులూ ఉంటాయి. అలాంటివారిని ఉత్త చేతులతో పంపకూడదు గనుక వేలిముద్ర లేకుండా బిల్లు వేయడానికి ఒక మినహాయింపు ఉంటుంది. అది ఉండి తీరాలి. కానీ మోసం చేయదలచుకున్నవాడికీ దొరికేది అదే దారి. కార్డు కనబడక నెలంతా దుకాణానికి రాని కుటుంబం, నెలాఖరున కదలకుండా మిగిలిపోయిన కోటా, చేతిలో మినహాయింపు. ఈ మూడూ ఒకచోట కలిస్తే ఎవరూ తీసుకోని సరుకు మీద బిల్లు పడుతుంది. సరుకు వెనక గుమ్మంలోంచి వెళ్లిపోతుంది. ఆ బియ్యానికి పాలిష్ పట్టించి, రాష్ట్ర సరిహద్దు దాటించి అమ్ముతారు. తమిళనాడు నుంచి ఆంధ్ర వైపు, కర్ణాటక వైపు వెళ్లే రేషన్ బియ్యాన్ని పట్టుకోవడానికే ఇక్కడ పౌరసరఫరాల నేర పరిశోధన విభాగం అని ప్రత్యేక పోలీసు విభాగం ఉంది. నిత్యావసర వస్తువుల చట్టం, 1955 కింద ఈ నేరానికి మూడు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు.

కాబట్టి కార్డు పోయిన నెలలో కొనడం ఆపకండి. నకలు వచ్చేదాకా ఆగుదామనుకోవడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. కార్డు నంబరో, ఆధార్ నంబరో చెప్పి, ఇంట్లో పేరున్న ఒకరు వేలిముద్ర వేసి సరుకులు ఇమ్మని అడగండి. ఆ నెల కోటా మీరే తీసుకుంటే ఇంకొకరు తీసుకోవడానికి ఏమీ మిగలదు. తీసుకోని సరుకు వచ్చే నెలకు జమ కాదు కూడా.

బిల్లు పడగానే నమోదైన ఫోన్‌కు సందేశం వస్తుంది. ఏ సరుకు ఎంత తీసుకున్నారో అందులో ఉంటుంది. అది తమిళంలో వస్తే మన తెలుగు ఇళ్లలో కొందరు చదవకుండానే తుడిచేస్తారు. అక్షరాలు రాకపోయినా అంకెలు తెలుసు కదా, పక్కన కిలోల లెక్క చూడండి. 20 కిలోల చోట మీ సంచిలో 16 కిలోలే ఉంటే, పప్పు అయిపోయిందని చెప్పి పంపాక సందేశంలో కిలో పప్పు కనిపిస్తే, అసలు దుకాణానికే వెళ్లని రోజున సందేశం వస్తే, దాన్ని తుడవకండి. అదే మీ దగ్గరున్న సాక్ష్యం. 1967కు గానీ, 1800 425 5901కు గానీ ఫోన్ చేసి తేదీ, కార్డు నంబరు, దుకాణం నంబరు చెప్పండి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. నంబరు లేని ఫిర్యాదును తర్వాత పట్టుకోవడం కష్టం.

ఇక నకలు కార్డు సంగతి. తమిళనాడు ప్రజాపంపిణీ వెబ్‌సైటులో నమోదైన ఫోన్ నంబరు కొట్టి, ఆ ఫోన్‌కు వచ్చే ఓటీపీతో లోపలికి వెళ్లి దరఖాస్తు పెట్టుకోవచ్చు. చేతకాకపోతే ప్రభుత్వ ఈ-సేవ కేంద్రం ఉంది. చెన్నై నగరంలో ఈ వ్యవహారం చూసేది మండల సహాయ కమిషనర్ కార్యాలయం, ఊళ్లలో తాలూకా సరఫరా అధికారి. దరఖాస్తు పెట్టగానే వచ్చే నంబరు రాసి పెట్టుకోండి. ఇంతే పని. అయినా మన వీధుల్లో వందలు తీసుకుని ఈ పని చేసిపెట్టే మధ్యవర్తులు పుట్టుకొస్తూనే ఉంటారు.

మధ్యవర్తి తీసుకునే డబ్బు ఒక నష్టమైతే, అతను చేసే ఇంకో పని అంతకంటే ప్రమాదం. పాత సిమ్ పోయింది, ఓటీపీ రావడం లేదు అనగానే, ‘నేను చూసుకుంటాను’ అని కార్డుకు తన నంబరో, తనకు తెలిసినవాళ్ల నంబరో ఎక్కిస్తాడు. నకలు కార్డు మీ చేతికి వస్తుంది, మీరు సంతోషిస్తారు. ఆనాటి నుంచి బిల్లు సందేశాలన్నీ అతనికి వెళ్తాయి. పేరు తీసివేయడానికి, చిరునామా మార్చడానికి వచ్చే ఓటీపీలూ అతనికే. ఇంటి తాళం మన దగ్గరే ఉంచుకుని తాళం చెవి ఇంకొకరికి ఇచ్చినట్టు అవుతుంది వ్యవహారం. ఫోన్ నంబరు మార్చవలసి వస్తే కుటుంబ పెద్ద ఆధార్ పట్టుకుని మీరే మండల కార్యాలయానికో, ఈ-సేవ కేంద్రానికో వెళ్లండి. పని అయ్యాక అక్కడే నిలబడి, వెబ్‌సైటులో మీ నంబరుతో ఓటీపీ వస్తుందో లేదో చూసుకుని కదలండి. నెలనెలా రెండో శనివారం నగరంలోని మండల కార్యాలయాల్లో రేషన్ సమస్యల శిబిరం పెడతారు. పనికి సెలవు పెట్టలేనివారికి అది వీలైన రోజు.

కొత్త కార్డు అందుకోగానే ఫోటో, పేర్లు, చిరునామా సరిచూడండి. నకలులోనూ కార్డు నంబరు పాతదే. అందుకని పాత కార్డు తర్వాత ఎక్కడో దొరికితే అటక మీద పారేయకుండా, క్యూఆర్ కోడ్ మధ్యలోంచి కత్తిరించి పారేయండి. కార్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే కోడు కూడా పంపినట్టే. సిమ్ కోసమో, అద్దె ఇంటి కోసమో జిరాక్స్ ఇవ్వవలసి వస్తే దాని మీద ఎందుకు ఇస్తున్నారో, తేదీ, అడ్డంగా రాసి ఇవ్వండి. చేబదులుకు కార్డును కిరాణా కొట్టులోనో, వడ్డీ వ్యాపారి దగ్గరో కుదువ పెట్టి, తర్వాత పోయిందని నకలు తీసుకోవడం కూడా నేరమే. ఆకలి అవసరంలో చేసేవాళ్లుంటారని తెలుసు. కానీ కార్డు అక్కడే ఉన్నంతకాలం వ్యాపారి చేతిలో ఒక పట్టు ఉంటుంది, సరుకు మీ ఇంటికి రాదు.

అధికారుల వైపు నుంచి ఏం చేయాలి? ఇక్కడ అమెరికా అనుభవం కొంత పనికొస్తుంది. పేదలకు తిండి సాయం చేసే అక్కడి స్నాప్ పథకంలో బియ్యం తూచి ఇవ్వరు, నెలనెలా కార్డులో డబ్బు వేస్తారు. రహస్య పిన్ కొట్టి కొట్లో తిండి సరుకులు కొనుక్కోవాలి. మిగిలిన డబ్బు తర్వాతి నెలకు నిలవ ఉంటుంది. కొందరు కార్డూ పిన్నూ కలిపి నగదుకు అమ్ముకుని, పోయిందని ఫోన్ చేసి కొత్తది తెచ్చుకునేవారు. 2013 ఆగస్టులో అక్కడి వ్యవసాయ శాఖ ఒక నియమం ఖరారు చేసింది. 12 నెలల్లో నాలుగు కార్డులు మార్చుకున్న కుటుంబానికి నోటీసు వెళ్తుంది. రాష్ట్రం కావాలనుకుంటే, ఆ కుటుంబం వచ్చి కారణం చెప్పేదాకా తర్వాతి కార్డు ఆపవచ్చు. వచ్చి చెప్పాక కార్డు ఇవ్వవలసిందే. అనుమానం తీరకపోతే విచారణకు రాసుకోవచ్చు, తిండి మాత్రం ఆపకూడదు. ఇల్లు లేనివారు, వృద్ధులు, వికలాంగులు, దొంగతనానికి గురైనవారు కార్డులు పోగొట్టుకోవడం సహజమని గుర్తుంచుకుని వాళ్లకు రక్షణ కల్పించాలని కూడా అందులో ఉంది.

ఆ చివరి మాట మన దగ్గర ప్రతి కార్యాలయంలోనూ గుర్తుంచుకోదగింది. కూవం నది ఒడ్డున గుడిసెలోకి డిసెంబరు వానలకు నీళ్లు వస్తే కాగితాలు కొట్టుకుపోతాయి. అలాంటి ఇల్లు రెండేళ్లలో మూడు కార్డులు అడిగితే అందులో మోసం వెతకడం అన్యాయం. అమెరికాలోనే ఈ మధ్య బిల్లు యంత్రాలకు దొంగ పరికరాలు తగిలించి కార్డుల వివరాలు దొంగిలిస్తున్నారు. కార్డు ఇంటావిడ సంచిలోనే ఉంటుంది, డబ్బు మాత్రం మాయమవుతుంది. అలా పోయిన సొమ్ము తిరిగి ఇవ్వడానికి 2022 డిసెంబరులో చట్టం చేశారు. 2024 డిసెంబరు 20 తర్వాత జరిగిన దొంగతనాలకు ఆ వీలు లేకుండా పోయింది. బాధితురాలే మళ్లీమళ్లీ కార్డు మార్చుకోవలసిన పరిస్థితి అది. ఎన్ని నకళ్లు తీసుకున్నారన్న ఒక్క లెక్కతో దొంగను తేల్చలేం.

తేల్చే లెక్కలు వేరే ఉన్నాయి. ఒకే ఫోన్ నంబరు సంబంధం లేని ఎన్ని కార్డులకు ఎక్కింది? నకలు కార్డు మంజూరుకు కాస్త ముందో వెనకో ఫోన్ నంబరు మారిందా? ఒక దుకాణంలో వేలిముద్ర లేకుండా పడిన బిల్లులు పక్క దుకాణాల కంటే ఎందుకు ఎక్కువ? బిల్లుకూ బిల్లుకూ మధ్య ఎంత సమయం ఉంది? 20 కిలోల బియ్యం తూచి సంచిలో పోయడానికి నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల్లో పది బిల్లులు పడ్డాయంటే అక్కడ తూకం జరగలేదు. తూకం యంత్రాన్ని బిల్లు యంత్రంతో కలపడం ఇందుకే మంచి పని. ఇవన్నీ కార్యాలయంలో కూర్చునే చూడవచ్చు, పేదవాళ్లను వరుసలో నిలబెట్టి ప్రశ్నించనక్కర్లేదు.

మన తెలుగువాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కార్డులు ఊళ్లో ఉంచి అంబత్తూరు, మాధవరం, వ్యాసర్పాడి వైపు పనులకు వచ్చినవాళ్లున్నారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ఏర్పాటులో ఆ కార్డు మీద కేంద్రం ఇచ్చే బియ్యం, అంటే సాధారణ కార్డుకు మనిషికి 5 కిలోలు, ఇక్కడి దుకాణంలోనే తీసుకోవచ్చు. కార్డు చేతిలో లేకపోయినా కార్డు నంబరో, ఆధార్ నంబరో చెప్పి వేలిముద్ర వేస్తే చాలు. సగం ఇక్కడ, సగం ఊళ్లో ఇంటివాళ్లు తీసుకోవచ్చు. తమిళనాడు సొంతంగా ఇచ్చే పప్పు, నూనె రావు. కనుక ఊరి కార్డు పోయిందని ఇక్కడ ఎవరికీ డబ్బివ్వకండి. ఇక్కడే స్థిరపడి తమిళనాడు కార్డు కావాలనుకుంటే ముందు ఊళ్లో పేరు తీయించి ఆ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఆధార్ ఒకచోట నమోదై ఉండగా ఇంకోచోట పెడితే దరఖాస్తు తిరస్కరిస్తారు. రెండు చోట్లా కార్డు ఇప్పిస్తాననేవాడు మిమ్మల్ని కేసులో ఇరికిస్తున్నాడు.

బియ్యం అక్కర్లేని ఇళ్లు ఇంటింటికీ తిరిగేవాళ్లకు కిలోకు కొద్ది రూపాయలకు అమ్మేస్తుంటారు. ఆ బియ్యమే సరిహద్దు దాటుతుంది. వద్దనుకుంటే చక్కెర కార్డుగా మార్పించుకోండి, బియ్యం బదులు చక్కెర ఎక్కువ వస్తుంది.

ఇంట్లో కదలలేని పెద్దవాళ్లు మాత్రమే ఉంటే, సరుకులు తెచ్చే మనిషి పేరు రాసి దుకాణంలో అనుమతి పత్రం ఇవ్వవచ్చు. 2025 ఆగస్టులో మొదలైన తాయుమానవర్ పథకంలో వృద్ధులకు, వికలాంగులకు సరుకు ఇంటికే తెచ్చి ఇచ్చే ఏర్పాటు కూడా చేశారు. ఆ పత్రంలో పేరు రాసే ముందు ఆలోచించండి. ఎదురింటి అబ్బాయి మంచివాడే కావచ్చు, అయినా ఫోన్ నంబరు మాత్రం మీ ఇంట్లో పెద్దవాళ్లదో, దూరాన ఉన్న కొడుకుదో కూతురిదో ఉంచండి. సరుకు ఒకరు తెస్తే సందేశం ఇంకొకరు చూడాలి. పేరు రాసిన మనిషి ఇల్లు మారినా, సంబంధం చెడినా అదే వారంలో పత్రం మార్పించుకోండి.